ఎవరు రాశారు? ఎవరు చూశారు?



మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా ఉమ్రి తాలూకాలో కాస్తో కూస్తో భూమి ఉన్న ప్రతి ఇంట్లోనూ సాత్‌బారా సంగతి తెలుసు. పొలం ఎవరి పేరున ఉంది, విస్తీర్ణం ఎంత, ఏ పంట వేశారు, దాని మీద ఏ బ్యాంకు బాకీ ఉంది, అన్నీ ఆ కాగితమే చెబుతుంది. 2018 నుంచి మహారాష్ట్ర ప్రభుత్వం ఈ సాత్‌బారాను డిజిటల్ సంతకంతో ఇంటర్నెట్‌లో ఇస్తోంది. గ్రామ రెవెన్యూ అధికారి అయిన తలాఠీ ఎప్పుడొస్తారా అని కాచుకుని ముద్ర వేయించుకునే తిప్పలు తగ్గాయి. కలం ముట్టని సంతకమైనా అది చెల్లుతుంది. మన దేశంలో డిజిటల్ సంతకానికి చట్టపరమైన గుర్తింపు ఇచ్చింది 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం.

ఇదే రకం సంతకానికి సాఫ్ట్‌వేర్ లోకంలో ఇంకా పెద్ద బాధ్యత ఉంది. ఈ పూట దాని గురించి మాట్లాడతాను.

మన ఫోన్లలో, బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో, ఆఫీసుల్లో నడిచే సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసినదే. ఆండ్రాయిడ్ ఫోను అడుగున ఉన్న లినక్స్ అలాంటిది. ఫైర్‌ఫాక్స్ అలాంటిది. మన తెలుగు అక్షరాలు కూడా అందులో ఉన్నాయి. మండలి, సురవరం, గిడుగు, పెద్దన, రామభద్ర వంటి పేర్లతో వచ్చిన తెలుగు ఫాంట్లను ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, తిరిగి పంచవచ్చు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ వాలంటీర్లు కంప్యూటర్‌ను తెలుగులో నడిపించడానికి ఏళ్ళ తరబడి పాటుపడ్డారు. ఇదంతా పదిమంది సొత్తు. పదిమంది సొత్తు అన్నాక కాపలా కూడా పదిమందీ కాయాలి. ఎలా కాయాలన్నదే ప్రశ్న.

ఉమ్మడి సాఫ్ట్‌వేర్‌లో ఒక సూత్రం ఉంది. మార్పు ఎవరైనా పంపవచ్చు, అసలు ప్రతిలో కలిపే అధికారం మాత్రం కొద్దిమందికే ఉంటుంది. పొలం కొన్నవారు తిన్నగా వెళ్ళి సాత్‌బారాలో తమ పేరు రాసుకోలేరు కదా! ముందు ఫేర్‌ఫార్, అంటే మార్పు నమోదు, పడాలి. తలాఠీ నమోదు చేస్తారు. సంబంధం ఉన్నవాళ్ళకు నోటీసు వెళ్తుంది. అభ్యంతరం చెప్పడానికి 15 రోజుల గడువు ఉంటుంది. ఆ తరవాత మండల్ అధికారి చూసి ఖరారు చేస్తేనే రికార్డు మారుతుంది. నమోదు చేసేవారు ఒకరు, ఖరారు చేసేవారు మరొకరు. నడుమ నలుగురూ చూసే వ్యవధి. సాఫ్ట్‌వేర్‌లో మార్పు పంపడాన్ని పుల్ రిక్వెస్ట్ అంటారు, చూసి చెప్పడాన్ని రివ్యూ అంటారు, అసలులో కలపడాన్ని మెర్జ్ అంటారు. కలిపే బాధ్యత మోసేవారు మెయింటెయినర్.

ఉమ్రి నుంచి రోజూ నాందేడ్ వెళ్ళి స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయంలో చదువుకునే తెలుగింటి అమ్మాయి ఉందనుకుందాం. ఫైళ్ళు కాపీ చేసే ఒక ప్రోగ్రాములో ఇంగ్లీషు సందేశాలను తెలుగులోకి మార్చి పంపింది. ఆ మార్పు అసలు ప్రతిలోకి చేరేదాకా దాని వెంట మనమూ నడుద్దాం.

మొదటి ప్రశ్న. ఈ మార్పు పంపింది నిజంగా ఆ అమ్మాయేనా?

ఇలాంటి పనికి ప్రపంచమంతా ఎక్కువగా వాడే పరికరం గిట్. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లో దీన్ని తయారు చేశారు. గిట్‌లో నమోదయ్యే ప్రతి మార్పునూ కమిట్ అంటారు. కమిట్ మీద రాసినవారి పేరు, ఈమెయిలు ఉంటాయి. అయితే ఆ పేరును గిట్ సరిచూడదు. మనం ఏ పేరు టైపు చేస్తే అదే పడుతుంది. నేను లైనస్ టోర్వాల్డ్స్ అని టైపు చేస్తే నా కమిట్ ఆయన పేరు మీదే కనిపిస్తుంది. ఈ సంగతి తెలియనివాళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కూడా చాలామంది ఉన్నారు.

2021 మార్చి 28న పీహెచ్‌పీ విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. పీహెచ్‌పీ అనేది లెక్కలేనన్ని వెబ్‌సైట్లను నడిపించే ప్రోగ్రామింగ్ భాష. దాని సర్వర్‌లోకి ఎవరో రెండు కమిట్లు నెట్టారు. ఒకదాని మీద ఆ భాషను సృష్టించిన రాస్మస్ లెర్డార్ఫ్ పేరుంది, రెండోదాని మీద అందులో ముఖ్యుడైన నికితా పోపోవ్ పేరుంది. అచ్చుతప్పు సవరణ అని వివరణ రాసి ఉంది. లోపల ఉన్నది మాత్రం దొంగదారి. అది విడుదలలోకి వెళ్ళి ఉంటే, బయటివారెవరైనా ఆ వెబ్‌సైట్ల మీద తమకు నచ్చిన ఆజ్ఞలు నడిపించగలిగేవారు. కమిట్లు పడ్డాక చూసే అలవాటు ఉన్నవాళ్ళు ఉండబట్టి గంటల్లోనే బయటపడింది. ఆ ఇద్దరి పేర్లనూ ఎవరో వాడుకున్నారు. పేరు అనేది ఎవరైనా తొడుక్కోగల చొక్కా అయినప్పుడు పేరును నమ్మి తలుపు తీయకూడదు.

డిజిటల్ సంతకం అక్కరకొచ్చేది ఇక్కడే. అది ఎలా పనిచేస్తుందో కాస్త వివరంగా చెబుతాను, కష్టమైనదేమీ కాదు.

గిట్ ప్రతి కమిట్‌కూ లెక్కగట్టి ఒక గుర్తు తయారు చేస్తుంది. మామూలుగా 40 అక్షరాల పొడవుంటుంది. దాన్ని హ్యాష్ అంటారు. ఫైళ్ళలో ఉన్నదంతా, రాసినవారి పేరు, తేదీ, వివరణ, దాని ముందటి కమిట్ హ్యాష్, ఇవన్నీ కలిపి ఈ లెక్క కడతారు. ఎక్కడ ఒక్క కామా మారినా హ్యాష్ పూర్తిగా మారిపోతుంది. ముందటి కమిట్ హ్యాష్ కూడా లెక్కలో ఉంది కాబట్టి, పాత కమిట్‌ను ఎవరైనా గుట్టుగా దిద్దితే అక్కడి నుంచి ఇవాళ్టిదాకా ఉన్న హ్యాష్‌లన్నీ తప్పుతాయి. దొంగతనంగా పాత లెక్క దిద్దడం కుదరదు.

ఇక మన అమ్మాయి దగ్గర రెండు కీలు ఉంటాయి, జంటగా పుట్టినవి. ఒకటి ప్రైవేట్ కీ, తన కంప్యూటరు దాటి పోకూడదు. రెండోది పబ్లిక్ కీ, అందరికీ ఇవ్వవచ్చు. ప్రైవేట్ కీతో కమిట్ మీద సంతకం చేస్తుంది. పబ్లిక్ కీ ఉన్నవారెవరైనా ఆ సంతకం ఆ కీదేనా, సంతకం పెట్టాక ఏమైనా మారిందా అన్నది క్షణంలో సరిచూడగలరు. పబ్లిక్ కీతో సరిచూడవచ్చేగానీ సంతకం పెట్టలేరు. విడుదలల మీద పెట్టే గుర్తులకు సంతకం చేసే వీలు గిట్‌లో మొదటి నుంచీ ఉంది. ప్రతి కమిట్ మీదా సంతకం చేసే వీలు 2012 జనవరిలో వచ్చింది. 2021 నవంబరు నుంచి ఎస్‌ఎస్‌హెచ్ కీతో కూడా చేయవచ్చు. అంటే విద్యార్థులు సర్వర్‌లోకి వెళ్ళడానికి వాడే కీయే సంతకానికీ పనికొస్తుంది. కొత్తవాళ్ళకు ఇది పెద్ద సౌకర్యం.

ఇంతకీ, ఆ పబ్లిక్ కీ ఫలానా మనిషిదేనని ఎవరు చెప్పాలి? సాత్‌బారా విషయంలో ప్రభుత్వం గుర్తించిన ధ్రువీకరణ సంస్థలు చెబుతాయి. మన హైదరాబాద్‌లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ, బ్యాంకుల కోసం అలాంటి ధ్రువీకరణ సంస్థగా పనిచేసింది. ఉమ్మడి సాఫ్ట్‌వేర్‌లో వేరే పద్ధతి ఒకటి పెరిగింది. లినక్స్ ఆధారంగా ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేసే, 1993లో మొదలైన డెబియన్ ప్రాజెక్టులో డెవలపర్లు ఎదురెదురుగా కలుసుకుంటారు. ఒకరి గుర్తింపు కార్డు ఒకరు చూస్తారు. కీ తాలూకు గుర్తును అక్షరం అక్షరం సరిచూసుకుంటారు. ఆ తరవాత ఒకరి కీ మీద ఒకరు సంతకం చేస్తారు. 2023 సెప్టెంబరులో వాళ్ళ ప్రపంచ సమావేశం మన దేశంలోనే, కేరళలోని కొచ్చిలో జరిగింది. ముఖాముఖి పరిచయం కంప్యూటర్ యుగంలోనూ విలువ కోల్పోలేదని ఈ ఆనవాయితీ చెబుతోంది.

సరే, మార్పు పంపింది ఆ అమ్మాయేనని తేలింది. రెండో ప్రశ్న, అసలైన ప్రశ్న. ఆ మార్పులో ఏముంది?

2003 నవంబరులో లినక్స్‌కు ఒక ప్రమాదం తప్పింది. అప్పట్లో అసలు ప్రతి ఒకచోట, దాని నకలు మరోచోట ఉండేవి. నకలులోకి ఎవరో చొరబడి రెండు పంక్తులు చేర్చారు. ప్రోగ్రామింగ్‌లో రెండు సమానం గుర్తులు పక్కపక్కన రాస్తే, ఈ రెండూ సమానమేనా అని అడిగినట్టు. ఒక్క సమానం గుర్తు రాస్తే, దీన్ని అలా మార్చేయి అని ఆజ్ఞ. దుండగుడు ఒక్కటే గుర్తు పెట్టాడు. పైకి చూస్తే, ఈ వాడుకరి నంబరు సున్నానా అని అడుగుతున్నట్టే ఉంటుంది. నిజానికి వాడుకరి నంబరును సున్నా చేసేస్తుంది. సున్నా అంటే సర్వాధికారి. ఒక్క సమానం గుర్తు తగ్గడంతో మామూలు వాడుకరి యజమాని అయిపోతాడు. ఇది ఎలా దొరికిందంటే, ఆ మార్పుకు అసలు ప్రతిలో ఆమోదించిన నమోదు కనిపించలేదు. నకలుకు, అసలుకు లెక్క కుదరలేదు. లెక్క కుదరనిచోట ఆగి ఇదేమిటని అడిగారు కాబట్టి బతికిపోయాం.

మన అమ్మాయి పంపింది వట్టి అనువాదమే కదా, అందులో ప్రమాదం ఏముంటుంది అంటారేమో. ఉంటుంది. తెలుగువాళ్ళమే పట్టుకోగలిగిన ప్రమాదం ఉంటుంది.

ఇన్ని ఫైళ్ళు ఫలానా ఫోల్డర్‌లోకి కాపీ అయ్యాయి అనే సందేశం తీసుకోండి. ఇంగ్లీషులో ముందు సంఖ్య వస్తుంది, తరవాత ఫోల్డర్ పేరు. ప్రోగ్రామర్ సంఖ్య రావలసినచోట శాతం గుర్తు, పక్కన డి అనే అక్షరం రాస్తాడు. పేరు రావలసినచోట శాతం గుర్తు, పక్కన ఎస్ అనే అక్షరం రాస్తాడు. తెలుగులో ఫలానా ఫోల్డర్‌లోకి ఇన్ని ఫైళ్ళు అంటేనే సహజంగా ఉంటుంది. కాబట్టి అనువాదకురాలు వరస తిప్పుతుంది. తిప్పేటప్పుడు ఇది మొదటిది, ఇది రెండోది అని నంబర్లు వేయాలి. వేయకపోతే ప్రోగ్రాము సంఖ్యను తీసుకుని అది పేరు ఉన్న చోటి చిరునామా అనుకుంటుంది. లేని చిరునామాకు వెళ్ళి కూలిపోతుంది. చక్కని తెలుగు వాక్యం రాసినందుకు ప్రోగ్రాము పడిపోతుందన్నమాట. దీన్ని పట్టే తనిఖీ పరికరాలు ఉన్నాయి. ప్రతి మార్పు మీదా అవి వాటంతట అవే నడిచే ఏర్పాటు ఉండాలి.

ఇంకొకటి. సాఫ్ట్‌వేర్ అనే మాట తెలుగులో టైపు చేసేటప్పుడు ట కింద వ వత్తు పడకుండా ఆపాలంటే, మధ్యలో కంటికి కనిపించని అక్షరం ఒకటి వేస్తాం. దానికి వెడల్పు లేదు, రూపం లేదు. కానీ ఫైల్లో ఉంటుంది. మన లిపికి అది అవసరం. 2018 ఫిబ్రవరిలో జ్ఞా అనే అక్షరాన్ని ఈ కనిపించని అక్షరంతో కలిపి ఒక వరసలో పెడితే ఐఫోన్లలో మెసేజీ యాప్‌లు కుప్పకూలాయి. ఆ నెల 19న ఆపిల్ సంస్థ సవరణ విడుదల చేసింది. ప్రపంచమంతా అప్పుడు తెలుగు అక్షరం అనే మాట వింది. 2021లో కేంబ్రిడ్జి పరిశోధకులు నికొలస్ బౌచర్, రాస్ ఆండర్సన్ మరో సంగతి చూపించారు. రాత దిశను మార్చే కనిపించని గుర్తులను కోడులో దాచితే, చదివేవారికి ఒకటి కనిపిస్తుంది, కంప్యూటర్ ఇంకొకటి చేస్తుంది. ఇప్పుడు ఆలోచించండి. మన మార్పులో కనిపించని అక్షరాలు ఉన్నాయి. ఏది మన లిపికి కావలసినది, ఏది ఎవరో దాచినది అని తేల్చాలంటే తెలుగు తెలిసిన రెండో మనిషి కావాలి. అమెరికాలోనో జర్మనీలోనో ఉన్న మెయింటెయినర్ తెలుగు వాక్యాన్ని చూసి బాగుందని కలిపేస్తే, అది చూసినట్టు లెక్క కాదు.

అందుకే ఇద్దరు చూడాలన్నది కట్టుబాటు. రాసినవారే తమ మార్పును కలుపుకోకూడదు. అసలు ప్రతిలోకి ఎవరూ తిన్నగా నెట్టే వీలు లేకుండా సర్వర్‌లోనే తాళం వేయాలి, మెయింటెయినర్‌కు కూడా. ఒకసారి చూసి సరేనన్నాక కొత్త కమిట్ చేరితే పాత ఆమోదం రద్దు కావాలి. ఆమోదం దొరికాక ఒక్క పంక్తి చేర్చి లోపలికి దూరడం పాత ఎత్తు. మనం చూసిన హ్యాష్, కలుపుతున్న హ్యాష్ ఒకటే అయితేనే కలపాలి. గిట్‌లో సంతకాలు సరిచూశాకే కలిపే ఆజ్ఞ ఉంది. దాన్ని అలవాటు చేసుకోవాలి.

ఇందులో ఒక మెలిక చాలామంది గమనించరు. కొన్నిచోట్ల పది కమిట్లను నొక్కి ఒకటిగా చేసి కలుపుతారు. దాన్ని స్క్వాష్ అంటారు. చరిత్ర పొట్టిగా, శుభ్రంగా కనిపిస్తుంది. కానీ అలా చేస్తే కొత్త కమిట్ పుడుతుంది, కొత్త హ్యాష్ వస్తుంది. మన అమ్మాయి పెట్టిన సంతకం దాని మీద ఉండదు. సర్వర్ సంతకమో, కలిపినవారి సంతకమో ఉంటుంది. అది తప్పని నేను అనను. ఎవరి సంతకం మిగలాలో ప్రాజెక్టు ముందే నిర్ణయించుకోవాలి, రాసి పెట్టుకోవాలి. అలాగే ముక్కూమొహం తెలియనివారి మార్పుల మీద పరీక్షలు నడిపేటప్పుడు ప్రాజెక్టు పాస్‌వర్డులు, సంతకం కీలు ఆ పరీక్షలకు అందుబాటులో ఉంచకూడదు. పరీక్ష పేరుతో ఆ కోడే వాటిని ఎత్తుకుపోగలదు.

ఇంతవరకు చెప్పినవన్నీ చేశాం అనుకోండి. సంతకం ఉంది, రివ్యూ ఉంది, తాళం ఉంది. నిశ్చింతగా ఉండవచ్చా?

2024 మార్చి 29న ప్రపంచానికి ఈ ప్రశ్నకు సమాధానం దొరికింది. ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది. ఫైళ్ళను కుదించడం దాని పని. లినక్స్ సర్వర్లలో అది అంతటా ఉంటుంది. లస్సె కొలిన్ అనే ఒక్కాయన ఏళ్ళ తరబడి జీతం లేకుండా దాన్ని చూసుకుంటూ వచ్చారు. జియా తాన్ అనే పేరుతో ఒకరు 2021లో వచ్చి చేరారు. మంచి మార్పులు పంపారు, ఓపికగా పనిచేశారు. ఈలోగా కొత్త కొత్త పేర్లతో కొందరు కొలిన్ మీద ఒత్తిడి పెట్టారు, పని నెమ్మదిగా సాగుతోందని, ఇంకొకరికి అప్పగించమని. తన మానసిక ఆరోగ్యం బాగుండటం లేదని, ఇది జీతం లేని పని అని ఆయన చెప్పుకున్నారు కూడా. క్రమంగా జియా తాన్ చేతికి అధికారం వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ఒకటి, మార్చిలో ఒకటి, రెండు విడుదలలు వచ్చాయి. వాటిలో దొంగదారి ఉంది. దాని ముఖ్యభాగం పరీక్షల కోసమన్నట్టు పెట్టిన ఫైళ్ళలో దాగి ఉంది. దాన్ని మేల్కొలిపే ముక్క గిట్‌లో లేదు, విడుదల చేసిన మూటలో మాత్రమే ఉంది. ఆ మూటల మీద జియా తాన్ సంతకం ఉంది. అది సరైన సంతకమే. సరిచూస్తే సరిపోయేది.

ఎలా బయటపడింది? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన కంప్యూటర్‌లో ఇంకేదో వేగం కొలుస్తున్నారు. లాగిన్ కావడానికి దాదాపు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. అర సెకనే కదా అని వదల్లేదు. తవ్వుకుంటూ వెళ్ళారు. ప్రపంచంలోని సర్వర్లను కాపాడింది ఆ పట్టుదల.

ఈ ఉదంతం నాకు నేర్పిన పాఠం ఇది. సంతకం మార్పు ఎవరిదో చెబుతుంది. రివ్యూ ఆ మార్పులో ఏముందో చెబుతుంది. ఈ రెండింటినీ నిలబెట్టేది మూడోది. అది కాపలా మనిషికి తోడు. కొలిన్‌కు పక్కన నమ్మకస్తులైన మరో ఇద్దరు ఉండి ఉంటే, ఆ ఒత్తిడికి ఆయన ఒంటరిగా తలొగ్గవలసి వచ్చేది కాదు. ఎంత గొప్ప గణితమైనా అలిసిపోయిన ఒంటరి మనిషి మీద ఆనుకుని ఉంటే అది భద్రత కాదు. జీతం లేకుండా పనిచేసేవారి మీద కోట్ల మంది ఆధారపడి, ఒక్కరూ వారి బాగోగులు అడగకపోవడం మనందరి లోపం. ఈ మాట నేను గట్టిగానే అంటాను.

ఇక మన విద్యార్థులు ఏం చేయాలి? ముందు మీ కీని జాగ్రత్త చేసుకోండి. దానికి పాస్‌ఫ్రేజ్ పెట్టండి. కాలేజీ ల్యాబ్ కంప్యూటర్‌లో, నెట్ సెంటర్‌లో, స్నేహితుల పెన్‌డ్రైవ్‌లో ప్రైవేట్ కీ వదిలిపెట్టకండి. లాప్‌టాప్ పోతే ఆ కీ ఇక చెల్లదని ఆ రోజే ప్రాజెక్టుకు తెలియజేయండి. సిగ్గుపడి దాచడం వల్లే నష్టం పెరుగుతుంది. తరవాత, చదవడం నేర్చుకోండి. మార్పులు పంపేవారు చాలామంది దొరుకుతారు, ఎదుటివారి మార్పును పంక్తి పంక్తి చదివి ఇక్కడ నాకు అర్థం కాలేదు అనగలిగేవారే కరువు. ఆ మాట అనడానికి పెద్ద ఉద్యోగం అక్కర్లేదు. అర్థం కానిదాన్ని కలపకూడదన్న నిజాయితీ చాలు.

ఉమ్రి, ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు పిల్లలకు ఇంకో బలం ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. వీరిలో తెలుగు అక్షరాలు కూడా నేర్చుకున్నవారు ఒకే సాఫ్ట్‌వేర్‌లో రెండు భాషల అనువాదాలనూ సరిచూడగలరు. మరాఠీ వాక్యంలో క్రియ ఎక్కడ రావాలో తెలుసు, తెలుగులో కనిపించని అక్షరం ఎక్కడ పడాలో తెలుసు. అలాంటి రెండో జత కళ్ళ కోసం రెండు భాషల ప్రాజెక్టులూ చూస్తున్నాయి. నలుగురు కలిసి వారానికి ఒక సాయంత్రం కూర్చుని, మీకు నచ్చిన ప్రాజెక్టులో ఎవరూ చూడకుండా పడి ఉన్న తెలుగు, మరాఠీ మార్పులను తెరిచి చదవండి. బాగున్నదాన్ని బాగుందని మీ పేరుతో, మీ సంతకంతో చెప్పండి. బాగాలేనిదాన్ని ఎందుకు బాగాలేదో మర్యాదగా రాయండి. ఆ ప్రాజెక్టును మోస్తున్న మనిషికి ఇకమీదట మేమూ ఉన్నాం అని చెప్పండి. మీరు చదివి ఆమోదించిన పంక్తి రేపు ఎవరి ఫోనులో నడుస్తుందో, వాళ్ళకు మీరు ఇచ్చిన హామీ అది. ఆ హామీ ఇవ్వగల చదువు మీకుంది, ఆ అవసరం మన భాషకుంది.